పాటకు కూలి లేదా?



పాలమూరు కూలి అను మాట ఎరుగనివారు మన సీమలో లేరు. గుంపు మేస్త్రీ ఊరిలోనికి వచ్చి, బయానా ఇచ్చి, ఆలుమగలను లారీ ఎక్కించుకొని పోవును. వారు ఎక్కడనో ఆనకట్ట కట్టుదురు, కాలువ త్రవ్వుదురు, మేడలకు ఇసుక మోయుదురు. పని ముగిసిన దినమున రాతిపలకమీద మంత్రిగారి పేరు చెక్కుదురు, గుత్తేదారు ఫోటో దిగును. తట్ట మోసిన మనిషి పేరు ఏ పలకమీదను ఉండదు. మీలో అనేకుల తండ్రులును తాతలును అట్టి తట్టలు మోసినవారే గనుక దీనిని మీకు వివరింపనక్కరలేదు.

అయితే పాటకు కూడ మేస్త్రీలు ఉన్నారు. పాట మోసిన మనిషిని కూడ ఇట్లే తీసికొనిపోయి, పని కాగానే దించివేయుదురు. ఈ మాట కటువుగా ఉన్నదని కొందరు అనవచ్చును. కడవరకు చదివిన తరువాత అనుడి.

మన జిల్లాలో జరిగిన సంగతితోనే ఆరంభింతును. పాత మహబూబ్‌నగరు జిల్లాలో ఉండి, ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన అవుసలికుంట గ్రామవాసి దర్శనం మొగులయ్య గారు. ఆయన వాద్యము కిన్నెర. వెదురు బొంగునకు ఎండిన సొరబుర్రలు కట్టి, తేనెమైనముతో మెట్లు నిలిపి, తీగెలు బిగించిన వాద్యమది. సాధారణముగా కిన్నెరకు 7 మెట్లు. ఆయనది 12 మెట్ల కిన్నెర. దానిని భుజమున వేసికొని ఊరూర తిరుగుట, దొరలను దోచి బీదలకు పంచిపెట్టెనని జనులు చెప్పుకొను పండుగ సాయన్న కథయు, మియాసాబు కథయు పాడుట, పెట్టిన గింజలు మూటగట్టుకొని ఇల్లు చేరుట, ఇది ఆయన పెద్దలనాటి వృత్తి. మీ ఊరి అరుగుమీద కూర్చుండి ఆ కిన్నెర మ్రోత వినిన ముసలివారు ఇంకను ఒకరిద్దరు ఉందురు, అడిగి చూడుడి.

2021 సెప్టెంబరు 2వ తేదీన ‘భీమ్లా నాయక్’ అను సినిమా పాట విడుదలయ్యెను. అందులో మొట్టమొదట వినబడు కంఠము మొగులయ్య గారిది. కొలది దినములలోనే లక్షలమంది, కోట్లమంది దానిని వినిరి. సినిమావారు ఆయన పేరు దాచలేదు. కథానాయకుడు పవన్ కల్యాణ్ ఆయనకు 2 లక్షల రూపాయలు బహూకరించెను. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను గదా! 2022లో కేంద్ర ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చెను. అప్పటి రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలను, ఇంటిస్థలమును ప్రకటించెను. నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనము కూడ ఏర్పడెను.

2024 మే నెలలో అదే మొగులయ్య గారు హైదరాబాదు వెలుపల తుర్కయంజాలులో ఒక కట్టడమువద్ద దినకూలిగా పని చేయుచుండగా జనులు చూచిరి. ఆ దృశ్యము ఫోనులలో దేశమంతయు తిరిగెను. గౌరవ వేతనము ఆగిపోయినదనియు, వచ్చిన సొమ్ము పిల్లల పెండ్లిండ్లకును భూమి కొనుటకును ఖర్చైనదనియు, కట్టనారంభించిన ఇల్లు నడుమ నిలిచిపోయినదనియు ఆయనే పత్రికలవారితో చెప్పుకొనెను.

ఆ నెలలోనే మన రాష్ట్రమున పాటను గూర్చిన మరియొక రగడ నడుచుచుండెను. అందెశ్రీ గారు వ్రాసిన ‘జయ జయహే తెలంగాణ’ గీతమును రాష్ట్రగీతముగా 2024 జూన్ 2న వినిపింపవలెనని ప్రభుత్వము నిశ్చయించెను. దానికి స్వరము కూర్చు పని ఎం. ఎం. కీరవాణి గారికి అప్పగింపగా, ఆయన ఆంధ్రప్రాంతమువాడు, మన ప్రాంతములో స్వరకర్తలు లేరా అని తెలంగాణ సినిమా సంగీతకారుల సంఘము ముఖ్యమంత్రికి లేఖ వ్రాసెను. పత్రికలనిండ అదే చర్చ, టీవీలనిండ అదే అరుపు. అందెశ్రీ గారు బడి మెట్లు ఎక్కనివాడు, చిన్ననాట పశువులు కాచినవాడు. 2025 నవంబరు 10న గతించెను. అట్టివాని పాట రాష్ట్రగీతమగుట గొప్ప సంగతియే. కాని నేను అడుగునది ఇది: స్వరకర్త ఏ జిల్లావాడు అని కొట్లాడుటకు మనకు గొంతు ఉన్నది, కిన్నెర మెట్లమీద ఆడిన వ్రేళ్లు సిమెంటులో పడియున్నవేమి అని అడుగుటకు గొంతు లేకపోయెనా?

లేకపోగా, ఊరూర పుట్టిన మాట ఏమి? “కోటి రూపాయలు ఏమి చేసికొనెను?” అని. రచ్చబండమీద అనిరి, టీ కొట్టువద్ద అనిరి. గుడి మెట్లమీదను అనిరి.

ఈ ప్రశ్న వేయువారిని నేను ఒక ప్రశ్న అడుగుదును. బిడ్డ పెండ్లికి పొలము తాకట్టు పెట్టని ఇండ్లు మీ వాడలో ఎన్ని ఉన్నవి? పునాది వేసి, గోడలు లేపి, పైకప్పు లేక నిలిచిన ఇండ్లు ఎన్ని? మొగులయ్య గారు చేసినది మన పల్లెలలో ఎవరైనను చేయునదే. పెండ్లి ఖర్చుల జబ్బును గూర్చి వేరుగా వ్రాయవలసియున్నది, ఇక్కడ వద్దు. అయితే తప్పంతయు ఆ ప్రశ్నలోనే ఉన్నది. కోటి రూపాయలు బహుమానము. 2 లక్షలు బహుమానము. నెలకు పదివేలు దయ. ఇవి ఇచ్చువాని మనస్సునుబట్టి, ఖజానానుబట్టి, ఎన్నికలనుబట్టి వచ్చును, పోవును. బహుమానము తీసికొన్నవానిని “ఏమి చేసితివి?” అని ఊరంతయు లెక్క అడుగును. కూలి తీసికొన్నవానిని ఎవడును అడుగడు. ఏలయనగా అది అతనిది. దినకూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనను ఆజ్ఞ మీరు చిన్ననాటనుండి వినుచున్నదే. అక్కడ కూలి అని యున్నదిగాని శాలువ అని లేదు.

శాలువ అనగా జ్ఞాపకము వచ్చినది. 2023 మార్చిలో ‘బలగం’ అను సినిమా వచ్చెను. చివర పాడు పాటకు హాలులో కూర్చున్న మగవారు సైతము ఏడ్చిరి. అది పాడినవారు వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు, శారదకథ చెప్పుకొని బ్రదుకు బుడగజంగాలు. పాట మారుమ్రోగుచుండగనే మొగిలయ్య గారికి మూత్రపిండములు చెడిపోయెను. రక్తశుద్ధికి తిరుగుటతోనే దినములు గడచెను. సినిమా పెద్దలు సహాయము చేసిరి, ప్రభుత్వమును చేసెను, అది నిజమే. 2024 డిసెంబరు 19న ఆయన చనిపోయెను. పేరు పొందిన గాయకుడు జబ్బుపడినప్పుడు తన పాటల ఆదాయముతో వైద్యము చేయించుకొనును. పల్లె గాయకుడు జబ్బుపడినప్పుడు ఒక పెద్దమనిషి జాలిపడవలెను. ఈ భేదము ఎవరు పెట్టిరి?

ఇక పేరు సంగతి. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకొరకు ‘సారంగ దరియా’ అను పాట విడుదల చేసిరి. పాడినది మంగ్లి. వ్రాసినది పాత నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామమువాడైన సుద్దాల అశోక్ తేజ గారు. ఆ పాట ఊరూర మ్రోగుచుండగా కోమలి అను జానపద గాయని ముందుకు వచ్చి, ఈ పాటను తాను ఏండ్ల క్రిందటనే ‘రేలా రే రేలా’ అను టీవీ కార్యక్రమములో పాడితిననియు, తన పేరు ఎక్కడను లేదనియు చెప్పెను. పల్లవి జనుల నోటిది, చరణములు నేను వ్రాసినవి అని కవిగారి జవాబు. కొన్ని దినములు వాదములు నడచిన పిమ్మట దర్శకుడు శేఖర్ కమ్ముల, కోమలికి గుర్తింపును పైకమును ఇత్తుమని బహిరంగముగా తెలిపెను.

ఇందులో కవిగారు దొంగ అని నేను అనను. ఆయన తండ్రి సుద్దాల హనుమంతు గారు నిజాము కాలమున దొరల గడీలకు ఎదురుగా నిలిచి పాటలు కట్టిన మనిషి. ఆ ఇంటివారికి జానపదము విలువ మనము నేర్పనక్కరలేదు. కాని ఆమె నోరు తెరిచి అడుగువరకు ఎవరికిని ఆమె జ్ఞాపకము రాకపోవుటయే ఇక్కడ చూడవలసినది. అడిగినది గనుక వచ్చెను. అడుగుట తెలియక, టీవీలోనికి పోవు దారి తెలియక, నాటు వేయుచు అట్టి పాటలనే పాడుకొనుచున్న స్త్రీలు మన మడులలో ఎందరు?

నల్లగొండ వారికి ఇంకొక పాట తెలియును. ‘బండెనక బండి’ ఎవరిది అని మీ సంఘములోని యువకుని అడుగుడి. గద్దరుది అని చెప్పును. 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాలో గద్దరు గొంగడి వేసికొని దానిని పాడెను. ఆ గొంతు అట్టిది, ఎవరు మరచెదరు? ఆయన 2023 ఆగస్టు 6న చనిపోయినప్పుడును జనులు ఆ పాటనే తలచుకొనిరి. కాని దానిని కట్టినవాడు బండి యాదగిరి, సాయుధ పోరాటపు దినములలో తుపాకి పట్టిన మనిషి. గద్దరు ఆ పేరు దొంగిలించెనని కాదు నా మాట. బలమైన గొంతు పాడినప్పుడు కట్టినవాని పేరు దానంతట అదే అడుగున పడిపోవును. అందుచేతనే దానిని ఎవరో ఒకరు పనిగట్టుకొని పైకి తీయుచుండవలెను.

ఇప్పుడు మేస్త్రీల వాదము విందము. “జానపదము ఎవరి సొత్తును కాదు, అందరిదియు” అందురు. వినుటకు ఎంతో ధర్మముగా ఉన్నది! ఊరి చెరువు కూడ అందరిదియే. చేదుకొని త్రాగుడి, ఎవరు వద్దనిరి? కాని ఒకడు వచ్చి చెరువుకు గొట్టము వేసి, నీళ్లు పట్నమునకు తోలుకొని పోయి సీసాలలో అమ్ముకొనుచు, “చెరువు అందరిదియే గదా” అనిన, మీ ఊరి సర్పంచి ఊరకుండునా? పాట అందరిదియైనచో దాని రాబడి ఒక్క కంపెనీదెట్లాయెను? జానపదము అందరిది అనువారే, దానిని సినిమాలో పెట్టిన మరునాడు యూట్యూబులో ఇతరుడు పాడిన హక్కు మాది అని తీసివేయింతురు.

ఈ వాదము మన దేశములోనే పుట్టినది కాదు. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అను జూలూ మనిషి ఉండెను. బాల్యమున పశువులు కాచెను, మిషను బడిలో కీర్తనలు నేర్చెను, పెద్దయైన తరువాత జోహన్నెస్‌బర్గు పట్టణము చేరి గ్రామఫోను రికార్డులు చేయు గాలో కంపెనీలో పెట్టెలు కట్టు పనికి కుదిరెను. 1939లో అదే కంపెనీవారు ఆయనచే ‘ఎంబూబే’ అను పాట పాడించి రికార్డు చేసిరి. ఎంబూబే అనగా సింహము. రికార్డు వేలకొలది అమ్ముడుపోయెను. హక్కులకు ఆయనకు ముట్టినది 10 షిల్లింగులు. ఆ రికార్డు సముద్రము దాటి అమెరికా చేరగా, వీవర్స్ అను గాయకుల బృందము అది ఆఫ్రికా జనులు తరతరములుగా పాడు పాత పాట అనుకొని పాడిరి. చూచితిరా, అదే మాట! 1961లో మరియొక బృందము దానికి ఇంగ్లీషు మాటలు కట్టి పాడగా లోకమంతయు మ్రోగెను. 1962లో లిండా బీదతనములోనే చనిపోయెను. 1994లో డిస్నీ కంపెనీ తన ‘లయన్ కింగ్’ సినిమాలో దానిని వాడుకొనెను. 2004లో ఆయన కుమార్తెలు న్యాయస్థానమునకు పోయిరి; 2006లో రాజీ కుదిరి వారికి సొమ్ము ముట్టెను. పాట పాడినది 1939లో, కూలి ముట్టినది 2006లో. లెక్క మీరే వేయుడి.

కనుక జానపదము అనుకొంటిమి అనునది అన్ని సమయములందును అజ్ఞానము కాదు. విచారింపకపోవుటలో లాభమున్నప్పుడు మనుష్యులు విచారింపరు.

బలవంతుల సంగతి వేరు. 2017 మార్చిలో మన నెల్లూరి బిడ్డ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గారు తన పాటల యాబది సంవత్సరముల సందర్భమున అమెరికాలో కచేరీలు చేయుచుండగా, ఆయన చిరకాల మిత్రుడైన సంగీతకర్త ఇళయరాజా గారి వకీలు నోటీసు పంపెను: నా పాటలు అనుమతి లేక వేదికలమీద పాడరాదు అని. జనులు ఇద్దరు స్నేహితుల తగవని దానిని చూచి నొచ్చుకొనిరి. బాలుగారు ఆ యాత్రలో ఆ పాటలు మానివేసిరి. పిమ్మట వారు సమాధానపడి 2019లో ఒకే వేదిక ఎక్కిరి. బాలుగారు 2020 సెప్టెంబరు 25న గతించిరి. ఆ తగవులో ఎవరిది న్యాయమో నేను తేల్చబోను. పాట కట్టినవాడు హక్కు అడిగెను, వకీలు పలికెను, లోకము వినెను. అవుసలికుంటకు వకీలు ఉన్నాడా?

చట్టము లేదని కాదు. మన దేశపు కాపీరైటు చట్టము 1957 నాటిది. పాట వ్రాసినవానికిని స్వరము కట్టినవానికిని వారి జీవితకాలమును, ఆపైన 60 సంవత్సరములును హక్కు ఉండును. 1994 సవరణతో పాడువానికిని, వాయించువానికిని హక్కు చేర్చబడెను. 2012లో మరల సవరించి, సినిమాహాలులో చిత్రముతోపాటు వినబడుట తప్ప ఇతరత్రా పాటవలన వచ్చు ఆదాయములో కవికిని స్వరకర్తకును గల సమాన వాటాను వ్రాసి ఇచ్చివేయుటకు వీలులేదని నియమించిరి. పాడినవానికి కూడ వ్యాపారపు వాడుకలో రాయల్టీ కలదనిరి. మంచిదే. కాని అందులో ఒక సందు ఉన్నది. సినిమాలో ఒకని పని ఏదో సందర్భమున వచ్చి పోవునదియై, వాడుకప్రకారము పేర్ల పట్టికలో వాని పేరు వేయనిదైనచో, నైతిక హక్కులలో ఒకదానికి తప్ప వానిని చట్టము ప్రదర్శకుడుగా ఎంచదు. అనగా పట్టికలో పేరు పడకపోవుట గౌరవమునకు మాత్రమే లోటు కాదు, పైకము అడుగు దారియే మూసికొనిపోవును. వెనుక నిలిచి డప్పు కొట్టిన పదిమంది సంగతి ఇదియే. ఇక తాతలనాటి పాటకు కట్టినవాడెవడో తేలదు గనుక చట్టపు దృష్టిలో దానికి స్వంతదారుడే లేడు. చట్టము కాగితము అడుగును. మన పెద్దలయొద్ద కాగితము తప్ప అన్నియు ఉండెను.

సినిమావారిని తిట్టుచున్నాడని కొందరు ఇంతవరకు సంతోషముగా చదివియుందురు. వారితోనే ఇప్పుడు పని ఉన్నది. మీ చేతిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరువుడి. కీర్తనతోపాటు రాగము, తాళము, వ్రాసినవాని పేరు అచ్చువేసియుండును. పురుషోత్తము చౌదరి గారు 1890లో గతించిరి. ఇంతకాలమునకును పల్లెలోని చదువురాని అవ్వకు కూడ ఆయన పేరు తెలిసియుండుటకు ఆ చిన్న అక్షరములే కారణము. అంత మంచి అలవాటు గల సంఘములలో ఇప్పుడు జరుగుచున్నదేమి? కూటములలో మైకు పెట్టి, కోలాటపు బాణీకో సినిమా బాణీకో మాటలు మార్చి పాడుదురు. దానిని ఫోనులో పట్టి, తమ పేరును ముఖమును వేసి లోకమునకు పంపుదురు. బాణీ ఎవరిదని అడిగిన, “దేవుడిచ్చినది” అందురు. దేవుడు దానిని వారికంటె ముందు ఎవరికి ఇచ్చెనో చెప్పుటకు నోరు రాదు.

పెండ్లిండ్ల దినములు వచ్చుచున్నవి. డప్పులవారిని, బ్యాండువారిని పిలిచెదరు. బేరము ముందుగానే చెప్పుడి. ఊరేగింపు అర్ధరాత్రి దాటిన ఆ గంటలకును లెక్క కట్టుడి. భోజనము పెట్టితిమి గదా అని కూలిలో కోత కోయకుడి. వంటవానికి భోజనము పెట్టి కూలి మానుచున్నారా? వాద్యములు సంచిలో పెట్టకమునుపే పైకము చేతిలో పెట్టుడి.

మీ అవ్వ పాట ఫోనులో పట్టదలచిన యువకులారా, మొదట ఆమె పేరు, ఊరు, ఎవరియొద్ద నేర్చెనో ఆమె నోటనే చెప్పించి, తేదీ చెప్పి, అటుపిమ్మట పాట పట్టుడి. రేపు పేచీ వచ్చిన అదే సాక్ష్యము. పట్నమునుండి ఎవరైన వచ్చి, నీ పాట సినిమాలో పెట్టెదము, వ్రేలిముద్ర వేయుమనిన, ఆమెను ఒంటరిగా పంపకుడి. చదువుకొన్నవాడొకడు కూడ పోయి కాగితము మొదటినుండి చివరివరకు బిగ్గరగా చదివి వినిపింపవలెను. తెరమీద ఆమె పేరు వేయుదుమను మాట అందులో ఉన్నదో లేదో చూడుడి. ‘సర్వహక్కులు శాశ్వతముగా’ అను వరుస కనబడినయెడల దానిని కొట్టివేయమనుడి. ఆ వచ్చినవాడు ఒప్పుకొననియెడల టీ త్రాగించి, బస్సు ఎక్కించి పంపుడి.